కడుపు లేని వల

మొన్న విశాఖపట్నంలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాల దగ్గర పక్క కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి, కొడుకుని టెన్నిస్ అకాడమీలో చేర్పించిన సంగతి పప్పు మొదలుకొని పెరుగు దాకా చెప్పాడు. మాది పలాస అని తెలిశాక, "మీ వైపు జీడిపప్పు తప్ప ఇంకేముందండీ. టెన్నిస్ అంటే తెలిసినవాడు ఒక్కడైనా ఉంటాడా?" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. "ఎందుకుండడండీ? మాకు జిల్లా సంఘం ఉంది. దానికి నేనే జాయింట్ సెక్రటరీని" అన్నాను. ఆయన నా పొట్ట వైపు ఒకసారి, మోకాళ్ళ వైపు ఒకసారి చూసి, "మరి సెక్రటరీ ఎవరు?" అన్నాడు. "ఆయన పోయారండీ" అని చెప్పి చెయ్యి కడుక్కోడానికి లేచాను. పెరుగన్నం విస్తట్లో అలాగే ఉండిపోయింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా మా వైపు ఎవరికీ తెలియదు. ఉద్దానం తీరంలో వాళ్ళ ఊళ్ళో అందరూ సెక్రెట్రీ అనేవారు. పిల్లలకి సెక్రెట్రీ మావ. ఆ ఊరికి పంచాయతీ సెక్రటరీ వేరే ఉన్నాడు, సర్కారు వేసినవాడు. పాపం, ఆయన గురించి చెప్పాలంటే 'పంచాయితీ సెక్రెట్రీ' అని పూర్తిగా అనాల్సి వచ్చేది. ఉత్త సెక్రెట్రీ అంటే ఈయనే. సముద్రం మీద బతికే ఊళ్ళో టెన్నిస్ సెక్రటరీకి అంత పలుకుబడి ఏమిటని మీరు అనుకోవచ్చు. అది పలుకుబడి కాదు, వెక్కిరింత. వెక్కిరించడానికి పెట్టిన పేరు, ఏళ్ళు గడిచేకొద్దీ మర్యాదగా మారిపోయింది.

నేనప్పుడు కాశీబుగ్గలో ఒక పత్రికకి విలేకరిని. జీడిపిక్కల ధర, తోటల్లోకి వచ్చిన ఎలుగుబంటి, హైవే మీద ప్రమాదం, ఇవే నా వార్తలు. ఒక మధ్యాహ్నం సన్నగా పొడుగ్గా నల్లగా ఉన్న మనిషి గుమ్మంలో నిలబడి, లోపలికి రమ్మనే దాకా రాలేదు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, నీలిమందు కాస్త ఎక్కువైన తెలుపు. కాళ్ళకి కాన్వాస్ బూట్లు. భార్య చేపల గంపలు తెచ్చే ఆటోలోనే వచ్చినట్టున్నాడు, ఆ వాసన కూడా ఆయనతోపాటు వచ్చి కూర్చుంది. మడతపెట్టిన కాగితం ఒకటి నా బల్ల మీద పెట్టాడు. జిల్లా టెన్నిస్ సంఘం సర్వసభ్య సమావేశం అని వార్త. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"బావా, నువ్వు ఏత్తావో ఏయవో నాకు తెల్దు. గానీ ఏత్తే సరిగ్గా ఎయ్యి. టెన్నిస్ క్లబ్బు అని రాయకు. క్లబ్బంటే పేకాట. మనది సంఘం. జిల్లా సంఘం రాష్ట్ర సంఘానికి బిడ్డ. రాష్ట్ర సంఘం ఢిల్లీ సంఘానికి బిడ్డ. ఢిల్లీ సంఘం పెపంచ సంఘానికి బిడ్డ. మరి మనం ఏటవుతాం?"

"మునిమనవలం," అన్నాను.

"అదీ. రాసుకో."

మా కులాలు వేరు, ఊళ్ళు వేరు, వయసులో ఆయన నాకంటే చాలా పెద్ద. అయినా ఆ మొదటి రోజు నుంచీ నేను బావనే. నేనూ బావా అనే పిలిచేవాణ్ణి.

వార్త వెయ్యడానికైనా చూడాలి కదా అని ఆ సమావేశానికి వెళ్ళాను. పలాస స్టేషనుకి వెళ్ళే రోడ్డులో ఒక టీ కొట్టు. అధ్యక్షులు టెక్కలి బాప్టిస్టు సంఘం పాస్టరుగారు. చిన్నప్పుడు మిషను కాంపౌండులో దొరలు ఆడుతుంటే చూశారట, ఆ అర్హత మీద అధ్యక్షులయ్యారు. ముందు ఆయన ప్రార్థన చేశారు. తర్వాత సెక్రెట్రీ లేచి నిలబడి, కిందటి ఏడాది కార్యకలాపాలు చదివాడు. కార్యకలాపాలు ఏమీ లేవు. లేవన్న సంగతినే వరసగా, అంశాలవారీగా, గంభీరంగా చదివాడు. ప్రతి తీర్మానానికీ ప్రతిపాదించేవారు ఒకరు, బలపరిచేవారు ఒకరు ఉండాలి. బలపరిచేవాడు టీ కొట్టు యజమాని. పాలు పొంగుతుంటే పొయ్యి వైపే చూస్తూ, "బలపరిసినాను బావా, బలపరిసినాను" అనేవాడు. కోరానికి ఒక తల తక్కువైంది. సెక్రెట్రీ నా వైపు చూశాడు. టీ తాగి లేచేసరికి నేను జాయింట్ సెక్రటరీని అయిపోయాను.

ఈ పిచ్చి ఆయనకి ఎక్కడ పట్టిందో చాలా కాలం నాకు అర్థం కాలేదు. ఆయనే ఒకరోజు వాళ్ళ ఊరి ఒడ్డున, ఇసకలోకి లాగిన తెప్ప మీద కూర్చుని చెప్పాడు. మా తీరం వాళ్ళు బతుకు తెరువుకి ఎటైనా పోతారు. ఈయన కుర్రతనంలో ఖరగ్‌పూర్ పోయాడు. అక్కడొక పెద్ద క్లబ్బులో కోర్టులు తడిపే పనిలో చేరి, మెల్లగా మార్కరు అయ్యాడు. మార్కరు అంటే క్లబ్బు జీతగాడు. మెంబర్లకి ఆడేందుకు జోడీ దొరకనప్పుడు అవతలి వైపు నిలబడి ఆడతాడు. వాళ్ళకి ఆట నేర్పుతాడు. వాళ్ళు కొట్టలేని బంతిని కొట్టగలిగేటట్టు తిప్పి పంపుతాడు. క్లబ్బులో అందరికంటే బాగా ఆడేవాడు మార్కరే. కానీ క్లబ్బు పోటీల్లో మార్కరు ఆడకూడదు.

"ఎందుకాడకూడదు?" అన్నాను.

"డబ్బు తీసుకుని ఆడీవోడు కదా మార్కరు. ఊరికే ఆడీవోళ్ళే పోటీకి రావాల, అని ఎనకటి రూలు. ఊరికే ఎవులాడతారు బావా? కడుపు నిండినోడే ఆడతాడు. ఆ రూలు పెపంచకమంతా ఎత్తీసినారు, మన సంఘమూ ఎత్తీసింది. గానీ మా క్లబ్బులో మెంబర్లకి అలవాటు పోలేదు. ఒకేడు నాను పోటీకి పేరిచ్చినాను. మార్కరు గాడికి పోటీ ఏటని ఒకాయన నా మీద అరిసినాడు. అప్పుడు మా క్లబ్బు సెక్రెట్రీ, ముసిలాయన, బెంగాలీ, లోపల్నుంచి రూలు పుత్తకం అట్టుకొచ్చి అందరి ముందా సదివినాడు. సదివి, ఇతగాడు ఆడొచ్చు అన్నాడు. అంతే. నోళ్ళు మూసుకున్నారు."

"గెలిచావా?"

"ఓడిపోనాను. ఓడిపోతే ఏటి? ఆడినాను కదా."

తర్వాత ఒక మాట అన్నాడు, అది ఆయన నోట నేను తరచూ విన్న మాటే. "పెద్దోళ్ళకి రూలక్కర్లేదు బావా, ఆళ్ళకి పెద్దరికం ఉంది. రూలు పేదోడికి కావాల. అట్టుకోడానికి."

అందుకే ఆయనకి ఢిల్లీ సంఘం అంటే అంత భక్తి. దాని చరిత్ర మా ముసలమ్మలు వంశాలు చెప్పినట్టు చెప్పేవాడు. మొదట తెల్లదొరలు, వాళ్ళ పచ్చిక కోర్టులు. తర్వాత రాజులూ జమీందార్లూ. తర్వాత రైల్వే వాళ్ళు, మిలిటరీ వాళ్ళు. దొరలు వెళ్ళిపోయాక కొన్నాళ్ళకి లాన్ టెన్నిస్ అన్న పేరులోంచి లాన్, అంటే పచ్చిక, కూడా వెళ్ళిపోయింది, ఆట సిమెంటు మీదికీ మట్టి మీదికీ దిగింది. ఎవరు ఏ పోటీ ఎక్కడ పెట్టాలో, ఏ పిల్లకి ఏ స్థానమో, దేశం తరఫున ఎవరు వెళ్ళాలో చెప్పేది ఆ సంఘమే. అక్కడ కొట్లాటలున్నాయనీ, కుర్చీలు పట్టుకుని వేలాడేవాళ్ళున్నారనీ నేను అంటే, "మన టీ కొట్టులో నేవేటి?" అని తోసిపారేసేవాడు.

ఆ చరిత్రలో ఒక్క చోట మాత్రం ఆయన గొంతు మారేది. దేశాల మధ్య జరిగే కప్పులో మనవాళ్ళు ఒకేడు ఫైనల్ దాకా వెళ్ళారు. అవతల దక్షిణాఫ్రికా. అక్కడ నల్లవాళ్ళని మనుషులుగా చూడటం లేదు కాబట్టి ఆడం అని మనవాళ్ళు కప్పు వదిలేసుకున్నారు. ఈ కథ చెప్పినప్పుడల్లా నేను మంచి పని చేశారు అనేవాణ్ణి. ఆయనా అవుననేవాడు. అని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, "మంచిదే. తప్పనను. గానీ ఆడాల్సిన కుర్రోళ్ళ సేతులు ఆ పొద్దు ఏటి సేసుంటాయి బావా?" అనేవాడు.

ఆయనకి కొన్ని అలవాట్లుండేవి. ఏ తగువైనా అయ్యాక ఇద్దరి చేతులూ కలిపించాలి. టెన్నిస్‌లో ఆట అయ్యాక వల మీదుగా చేతులు కలుపుతారు కదా, అది ఆయన ఊరంతటికీ వర్తింపజేశాడు. ఆయన భార్య, నేను అప్ప అని, అంటే అక్క అని పిలిచే మనిషి, చేపల బేరంలో గట్టిది. కాశీబుగ్గ బజార్లో బేరగాడి తాతముత్తాతల్ని కూడా బుట్టలో వేసుకుని తిట్టేది. బేరం తెగాక ఈయన వచ్చి, "సేతులు కలపండి" అనేవాడు. చేపల పొలుసు అంటిన చెయ్యి ఎవరు పట్టుకుంటారు? పట్టుకునే దాకా ఈయన కదిలేవాడు కాదు. అప్ప నుదురు కొట్టుకునేది. "నానొక్కర్తినీ తిట్టుకుంతన్నాననీసి ఈడికి కుళ్ళు" అనేది. ఇంట్లో కూర బాగా లేకపోతే ఆయన "అవుట్" అనేవాడు కాదట, చెయ్యి మాత్రం లైన్ అంపైరులా పక్కకి చాపేవాడట. ఆమె ఆ చేతిలోనే గరిటె పెట్టి, నువ్వే వండుకో అనేదట. ఇదంతా ఆమే చెప్పి నవ్వేది. ఆ మొగుడి మీద ఆమెకి ఎంత ప్రేమ ఉందో ఆ తిట్లు విన్నవాళ్ళెవరికైనా తెలిసిపోతుంది.

ఆయనకి జీవితంలో కావలసింది ఒక్కటే. ఢిల్లీ సంఘం గుర్తింపుతో పిల్లల పోటీ ఒకటి మా ఉద్దానంలో జరగాలి. అన్నిటికంటే చిన్న మెట్టుది చాలు. మా పిల్లలు ఎంత బాగా ఆడినా, గుర్తింపు ఉన్న పోటీలో గెలిస్తేనే పేరు లెక్కలోకి వస్తుంది. ఆ పోటీలన్నీ విశాఖలోనో విజయవాడలోనో హైదరాబాదులోనో. సముద్రం మీద వేటకెళ్ళేవాడు కూతుర్ని వెంటబెట్టుకుని వారం రోజులు హోటల్లో ఎక్కడుంటాడు? "పోటీనే ఇక్కడికి తెత్తే సరి. గంగమ్మ దగ్గరికి ఊరు ఎల్లినట్టు కాదు, ఊరి దగ్గరికే గంగమ్మ వొచ్చినట్టు" అనేవాడు. తిత్లీ తుపానుకి ఆయన జీడితోట మొత్తం పడిపోయింది. ఊరంతా పడిపోయిన చెట్లు చూసి ఏడుస్తుంటే, ఆయనా ఏడ్చాడు. ఏడ్చి, మొదళ్ళు తవ్వించి, ఆ నేల చదును చేయించి, రెండు కోర్టులు వేశాడు. ఎర్రమన్ను, పుట్టమన్ను, పేడ. మిషను కాంపౌండులో పడున్న పాత రాతి రోలరు పాస్టరుగారు ఇప్పించారు. మళ్ళీ జీడి వేసుకోకుండా ఇదేమి బుద్ధి అని బంధువులు తిట్టారు. అప్ప కూడా తిట్టింది. తిడుతూనే పేడ కలిపింది.

వలలు మాత్రం కొనక్కర్లేదు, మన ఊళ్ళోనే అల్లిద్దాం అన్నాడు. సముద్రపు ఊళ్ళో వలకి కొదవేమిటి? ఊరిపెద్ద స్వయంగా అల్లాడు. ఆయన చేతి వల అంటే ఆ తీరంలో పేరు. గట్టి నైలాను దారంతో, బంతి దూరని చిన్న కంతలతో, చూడముచ్చటగా రెండు వలలు అల్లి, కర్రలకి కట్టాడు. రాష్ట్ర సంఘం నుంచి కోర్టులు చూడ్డానికి ఒకాయన వచ్చాడు. ఆయన చూసి వెళ్ళి మంచిమాట రాస్తేనే ఢిల్లీలో కదులుతుంది. సెక్రెట్రీ నీలిమందు బట్టలేసుకుని, ఒక బంతి తీసి మెల్లగా వల మీదికి కొట్టాడు. బంతి వలకి తగిలి కింద పడలేదు. లోపలికి జారి, అడుగున మడతలో చక్కగా కూర్చుంది. ఇంకోటి కొట్టాడు. అదీ వెళ్ళి దాని పక్కన కూర్చుంది. చూస్తే, వల బిగువుగా లేదు. నడుమ సంచిలా వదులుంది, అడుగున సీసపు గుళ్ళు కూడా కట్టి ఉన్నాయి. ఊరిపెద్ద ముందుకొచ్చి, వచ్చినాయనకి గర్వంగా చూపించాడు. "సూసినారా బాబూ? ఒక్కటి తప్పించుకోలేదు."

సెక్రెట్రీ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "పెద్దా, ఇది సేపల వల కాదు. దీనికి కడుపుండకూడదు. బంతి నిలవకూడదు, తగిలి పడిపోవాల."

"కడుపు లేని వల వలేటిరా?" అన్నాడు ఊరిపెద్ద. ఆయన మొహం చిన్నబోయింది. నేను ఆ మొహం చూడలేక తల తిప్పుకున్నాను. వచ్చినాయన మంచివాడు. పొట్ట పట్టుకుని నవ్వి, వల మారిస్తే చాలు, మిగతాదంతా బాగుందని రాస్తానన్నాడు. ఊరిపెద్ద మూడు పూటలు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత తనే వచ్చి, రెండు వలలూ విప్పి, కడుపు తీసేసి మళ్ళీ అల్లాడు. అల్లుతున్నంతసేపూ, "నా సేత్తో ఇలాటి పని సేయించినావు. నీకోసరం కాబట్టి సేత్తన్నాను, ఇంకోడైతే సేతులిరిసీవోణ్ణి" అని గొణుగుతూనే ఉన్నాడు. వాళ్ళ ఊరు సెక్రెట్రీని ఎంత ప్రేమించిందో నాకు ఆ రోజే తెలిసింది.

గుర్తింపు వచ్చేసరికి ఆయనకి కిడ్నీలు పోయాయి. మా ఉద్దానంలో ఈ మాట చెప్పి ఎవరినీ ఆశ్చర్యపరచలేం. ఇంటికొకరు పోయిన ఊళ్ళున్నాయి. మొదట కాళ్ళ వాపు, తర్వాత తిండి సహించకపోవడం, తర్వాత పలాస ఆసుపత్రిలో డయాలసిస్. రోజు విడిచి రోజు వెళ్ళేవాడు. సూది పెట్టించుకుని పడుకుని కూడా పక్క మంచం వాళ్ళకి టెన్నిస్ లెక్క చెప్పేవాడు, పదిహేను తర్వాత ముప్ఫై ఎందుకు, ముప్ఫై తర్వాత నలభై ఎందుకు అని. నర్సులకి కూడా వచ్చేసింది. ఒకరోజు నేను వెళ్ళినప్పుడు ఆయన మొహం నల్లగా ఊదిపోయి ఉంది. గొంతు మాత్రం మారలేదు. "బావా, ఢిల్లీ నుంచి ఉత్తరువొచ్చింది. పద్నాలుగేళ్ళ లోపు ఆడగుంటల పోటీ. మనూళ్ళో." ఆ మాట అని, గొట్టం లేని చేత్తో నా చెయ్యి పట్టుకుని, చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు.

పోటీ మొదలైన రోజు ఆయన ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు. నేను అడిగాను. వంతు మార్చారు, రేపు రమ్మన్నారు అన్నాడు. మర్నాడు అడిగితే, పొద్దున్నే వెళ్ళి వచ్చేశాను అన్నాడు. నాకు తెలిసి ఆయన నాతో ఆడిన అబద్ధాలు ఆ రెండే. అప్పకి వేరే అబద్ధం చెప్పాడు, నేను ఆటోలో తీసుకెళ్తున్నానని. కొబ్బరాకుల పందిరి కింద కుర్చీలో కూర్చుని, కాళ్ళు రెండూ ఇంకో కుర్చీ మీద పెట్టుకుని, ప్రతి ఆటా చూశాడు. పోటీ నడిపించడానికి సంఘం పంపిన రిఫరీ ఒక ఆవిడ, ఏలూరు వైపు మనిషి. ఆవిడ అడిగిన ప్రతిదానికీ, బంతులు కానీ మంచినీళ్ళు కానీ, ఆయన కూర్చున్న చోటి నుంచే సమాధానం చెప్పాడు. విశాఖ నుంచీ రాజమండ్రి నుంచీ పిల్లలొచ్చారు. ఆ ఊరి పిల్ల, ఆయన దగ్గరే ఆడటం నేర్చిన గౌరి, ఎవరూ అనుకోనట్టు ఒక్కొక్కరినే ఓడించుకుంటూ ఫైనల్‌కి వచ్చింది. ఆ సాయంత్రం ఆయన నాతో అన్న ఆఖరి మాట, "రేపు గుంటకి తల గట్టిగా దువ్వమని సెప్పు వాళ్ళమ్మకి. కళ్ళలో పడిపోతంది జుట్టు."

ఫైనల్ రోజు తెల్లారకుండానే ఆయన పోయాడు.

నేను వెళ్ళేసరికి ఒడ్డున పడవలన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. వాళ్ళ ఊళ్ళో కట్టుబాటు అది. ఊళ్ళో మనిషి పోతే, ఎత్తేదాకా ఎవరూ వేటకి వెళ్ళరు. పక్క ఊళ్ళు కూడా పడవలు దించలేదని తెలిసింది. ఆయన కొడుకు మద్రాసు హార్బరులో బోటు మీద ఉన్నాడు, రైలెక్కాడు, మర్నాడు పొద్దుటికి గానీ రాడు. అప్పటిదాకా ఊరు ఆగినట్టే.

రిఫరీ గారు ఏడుస్తూనే నన్ను పక్కకి పిలిచారు. పోటీకి ఇచ్చిన రోజుల్లో ఇదే ఆఖరిది. ఎవరెవరికో ఫోను చేశారు. సాయంత్రం దాకా ఆగుదాం, కానీ ఈరోజు దాటితే పోటీ పూర్తి కాలేదని రాయక తప్పదు, మొదటిసారి ఇచ్చిన చోట మధ్యలో ఆగిపోతే మళ్ళీ ఇవ్వడం కష్టం అన్నారు. అందులో ఆవిడ తప్పు లేదు. సంఘం తప్పూ లేదు. సెక్రెట్రీ బతికుంటే అదే రూలు వేలు పెట్టి చూపించి ఉండేవాడు.

ఈ మాట అప్ప చెవిన పడింది. శవం పక్కన కూర్చున్న మనిషి లేచింది. చెదిరిన జుట్టు అలాగే ఉంది. నేరుగా ఊరిపెద్ద దగ్గరికి వెళ్ళింది. "ఆడించండి. ఒక్క ఆటే. ఎంతసేపు? దీనికోసరమే కదా సచ్చిపోనాడు" అంది.

ఊరిపెద్ద కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "సముద్రమే ఆపుకున్నాం కదే. బంతి ఆగదేటి?"

"ఆగితే ఇంక రాదు బావా. ఇంకెప్పుడూ రాదు. నాను సెప్తన్నాను కదా, ఆడి పెళ్ళాన్ని."

"నీకు మొగుడు పోనాడు. మాకు మడిసి పోనాడు. ఆడు ఇంట్లో పడుకునుంటే మేం ఆటలాడుకున్నామంటే సుట్టూ ఊళ్ళోళ్ళు మన మొకాన ఊసరేటి? ఇందులో నీ మాట సెల్లదు."

నేను కూడా చెప్పాను. రిఫరీ గారు చేతులు జోడించి చెప్పారు. ఊరిపెద్ద వినలేదు. ఆయనకి కోపం లేదు, మొండితనమూ లేదు. సెక్రెట్రీకి ఇంతకంటే తక్కువ మర్యాద ఇవ్వడం ఆయనకి చేతకాలేదు, అంతే. మేమింకా మాట్లాడుతుండగానే, ఇంటి ముందు సందు ఇరుకని, వచ్చే జనానికి చోటు చాలదని, కుర్రాళ్ళు మంచంతో సహా ఆయన్ని మోసుకొచ్చి కోర్టు మధ్యలో దించారు. ఆయనకి ఇష్టమైన చోటని అన్నారు. వల విప్పి పక్కన పడేశారు. షామియానాకి గుంజలు పాతారు. గుంజ దిగినప్పుడల్లా అప్ప ఉలిక్కిపడటం నేను చూశాను.

గౌరి తెల్ల గౌనుతో, తల గట్టిగా దువ్వుకుని వచ్చి నిలబడింది. ఫైనల్లో తనతో ఆడాల్సిన విశాఖ పిల్లని వాళ్ళ నాన్న కారెక్కిస్తున్నాడు. "మరి నాను గెలిసినట్టా, ఓడినట్టా?" అని గౌరి నన్ను అడిగింది. జాయింట్ సెక్రటరీ అన్న పేరు నాకు సిగ్గుగా అనిపించింది అప్పుడే.

తర్వాతి సంగతి తొందరగా చెప్పేస్తాను. పోటీ పూర్తి కాలేదనే రాశారు. మరుసటి ఏడు అది వేరే జిల్లాకి పోయింది, ఆ తర్వాత మేము అడిగినా రాలేదు. ఇప్పుడు ఆ నేల మీద చేపలు ఎండబెడుతున్నారు. గౌరి వయసు దాటిపోయింది. టెక్కలిలో కాలేజీలో చదువుకుంటోంది. ఎదురుపడితే నమస్కారం పెడుతుంది, ఆట మాట ఎత్తదు.

కానీ నా మనసులో నిలిచిపోయింది ఆయన పోయిన మర్నాడు, అంతా అయిపోయాక జరిగింది. కొడుకు వచ్చాడు, ఎత్తారు. బారువ వైపు నుంచీ భావనపాడు వైపు నుంచీ, తీరం పొడుగునా ఊళ్ళ జనం వచ్చారు. ఆ ఊరు అంత జనాన్ని జాతరకి కూడా చూసి ఉండదు. సముద్రంలో ఒక్క పడవ లేదు. ఒక టెన్నిస్ సెక్రటరీకి ఇంత పెద్ద చావు ఈ దేశంలో ఎక్కడా జరిగి ఉండదని నేను గర్వపడ్డాను కూడా. ఆ మాటే అప్పతో అన్నాను, ఓదార్పుగా ఉంటుందని. జనం వెళ్ళిపోయారు. మేమిద్దరం కోర్టు అంచున నిలబడి ఉన్నాం. అన్ని వందల పాదాల కింద సున్నం గీతలు ఎక్కడివక్కడ చెరిగిపోయి, పుట్టమన్ను పెళ్ళలు లేచి, నేల దుక్కి దున్నినట్టుంది.

ఆమె లేచిన పెళ్ళనొకదాన్ని కాలితో అదిమింది.

"అవును తమ్ముడా, సేనామంది వొచ్చినారు," అంది. "మొన్న గుంట ఆడినప్పుడు ఈ సుట్టూ ఎవులున్నారు? నువ్వూ, ఆ రిఫరీ అమ్మా, మీ బావా. ఊళ్ళోళ్ళంతా ఏటకెల్లినారు, బజారుకెల్లినారు. వొచ్చిన జనంలో సగం మంది ఆ పొద్దు వొచ్చుంటే, మీ బావ ఇంకో పదేళ్ళు బతికీవోడు."